చివర్న చదివే నంబరు

ఏడాదికి నాలుగుసార్లు మా ఇంట్లో పేపరు చదవడం ఉంటుంది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఆఖరి రోజున ఢాకాలో ప్రైజ్‌బాండ్ల డ్రా తీస్తారు. మర్నాడు పేపర్లో నంబర్లు వేస్తారు. ఆ పొద్దున మా ఆయన స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, మా బాండ్ల నంబర్లు రాసిన నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంటారు. చదవాల్సింది నేను. అదీ కింద నుంచి పైకి. పదివేల బహుమతులు ముందు, ఆరు లక్షల మొదటి బహుమతి చివర్న. మొత్తం నలభై ఆరు నంబర్లు. గబగబా చదివితే ఊరుకోరు. "ఏంటా తొందర? లాంచీ వెళ్ళిపోతోందా?" అంటారు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. మొదట్లో ఆయనే చదువుకునేవారు, పక్కన కూర్చుని ఊఁ కొట్టడం నా వంతు. మూడేళ్ళ నుంచి రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. ఆపరేషనంటే భయం. బారిసాల్ పిల్లలకి ముప్ఫై ఏళ్ళు భూగోళం చెప్పిన మనిషి, సముద్రాలన్నీ చేత్తో గీసి చూపించిన మనిషి, కంటి డాక్టరు పేరెత్తితే చిన్నపిల్లాడైపోతారు. చివరికి మా అమ్మాయి తుహినా వచ్చి ఒట్టు వేయించుకుంటే ఒప్పుకున్నారు. ఈ గురువారం ఆపరేషను.

అదే నా ప్రాణం మీదికి వచ్చింది. ఎందుకంటే ఆయన పదే పదే ఒకటే మాట చెబుతున్నారు. "కళ్ళొచ్చాక ముందు నీ ట్రంకుపెట్టె తీయించి బాండ్లన్నీ నా చేత్తో సరిచూసుకుంటా. పాత లిస్టులు కూడా. డ్రా తీసిన రెండేళ్ళ దాకా బహుమతి డబ్బిస్తారుగా. నీ మీద నమ్మకం లేక కాదు తుహినా వాళ్ళమ్మా, నీ కళ్ళూ ముసలివైపోయాయి."

ట్రంకుపెట్టెలో బాండ్లు లేవు. పదకొండేళ్ళుగా లేవు.

జీతం వచ్చిన రోజున ఆయన ఇంటికి రాకముందే పోస్టాఫీసుకి వెళ్ళేవారు. వంద టాకాల బాండు ఒకటి, పండగ బోనస్ పడితే నాలుగైదు. అలా నాలుగు వందలు పోగయ్యాయి. నేను గొడవపడని నెల లేదు.

"వడ్డీ లేని చోట డబ్బు పెట్టేవాణ్ణి ఏమంటారు మాస్టారూ?" అనేదాన్ని. కోపమొస్తే నేనూ వీధివాళ్ళలాగే ఆయన్ని మాస్టారనే పిలుస్తాను.

"అసలు పోదే పిచ్చిదానా! లాటరీ టికెట్టయితే మర్నాటికి చిత్తుకాగితం. ఇది అలా కాదు. ఎప్పుడు తీసుకెళ్ళినా నీ వంద నీకు చేతిలో పెడతారు. ఇందులో డబ్బు నిద్రపోతుంది కానీ చచ్చిపోదు."

"మీ డబ్బు నిద్ర లేచేసరికి మనం నిద్రపోతాం."

ఆయన నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ నిద్రపోయే డబ్బు పక్కనే మా బియ్యం డబ్బా ఖాళీగా ఉండేది. అయినా సర్దుకుపోయాను. సర్దుకోలేనిది ఒకటి జరిగింది. ఆయన రిటైరైన ఏడాది, పక్క దులుపుతుంటే దిండు కింద రక్తపోటు మాత్రలు దొరికాయి. ప్రతి మాత్రా బ్లేడుతో సగానికి కోసి ఉంది. సగం మింగి, సగం మిగిల్చి, మిగిలిన డబ్బుతో బాండ్లు కొంటున్నారు.

ఆ రోజు నేను ఏడవలేదు, అరవలేదు. ఆయన ఖుల్నాలో పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళేదాకా ఆగాను. పెట్టె తాళంచెవి ఎప్పుడూ నా కొంగుకే ఉంటుంది. బాండ్లన్నీ గుడ్డలో మూట కట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళాను.

కౌంటర్లో కుర్రగుమాస్తా మూట చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "అన్నీ మార్చేస్తారా పిన్నిగారూ? కొన్ని ఉంచుకోండి. మీరు ఇచ్చేసినవే రేపు ఇంకొకరికి అమ్ముతాం. వాళ్ళకి తగిలితే నన్ను తిట్టుకుంటారు."

"తగిలినవాళ్ళు బాగుపడనీ నాయనా. నాకు మాత్రలు కావాలి."

ఆ నలభై వేలూ నా పేరు మీద కుటుంబ పొదుపు పత్రంలో పెట్టాను. అది ఆడవాళ్ళకే ఇస్తారు. నెలనెలా మూడొందల చిల్లర వడ్డీ వస్తుంది. పెద్ద మొత్తమేం కాదు. దానికి ఇంటిఖర్చులోంచి కాస్త కలిపి పదకొండేళ్ళుగా ఆయనకి మాత్ర సగం కాకుండా చూస్తున్నాను. జీతం ఆగిపోయి, మాత్రలు నేనే తేవడం మొదలెట్టాక కొత్త బాండ్లు కొనడానికి ఆయన చేతిలో డబ్బు మిగల్లేదు. తెలివిగా చేశానా అంటే చేశాననే చెబుతాను. పోస్టాఫీసు మెట్ల మీద ఎవరినైనా అడగండి.

కానీ చెప్పలేకపోయాను. ఆ నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఆయన మొహం చూసి వచ్చేసారి చెబుదాంలే అనుకునేదాన్ని. బహుమతి తగిలితే తప్ప పెట్టె తెరిచే పని లేదు. అంచేత ఏడాదికి నాలుగుసార్లు ఊరంతా తగలాలని మొక్కుకుంటుంటే, నేను తగలకూడదని మొక్కుకునేదాన్ని. మూడు నెలలకోసారి గుండె గుప్పిట్లో పెట్టుకోవడంతో అలిసిపోయాను. ఈసారి లిస్టు అవగానే చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. గురువారం ఆపరేషనై కట్టు విప్పాక ఖాళీ పెట్టె చూసి తెలుసుకునే బదులు నా నోటి నుంచే వినడం నయం.

ఆగస్టు ఒకటి. తెల్లారగట్ల నుంచీ వాన. మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిరపకాయ కలిపి ఆయన పక్కన పెట్టి, పేపరు విప్పాను.

"కింద నుంచి" అన్నారు.

"తెలుసండీ, ఇవాళ కొత్తా?"

ఒక్కో నంబరూ చదువుతున్నాను. నోటుబుక్కు తెరవక్కర్లేదు, నాలుగు వందలూ ఆయనకి కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి, "మనది కాదు" అంటారు. మళ్ళీ గుప్పెడు మరమరాలు. పదివేలవి నలభై అయ్యాయి. యాభై వేలవి అయ్యాయి. లక్షలవి, మూడు లక్షల పాతిక వేలది కూడా అయిపోయాయి. నా మెడ మీద బరువు దిగినట్టయింది. ఇంకొక్కటి చదివితే చెప్పేయొచ్చు.

పైకి చూశాను. 0264703.

నాకు కంఠతా వచ్చిన నంబరు ప్రపంచంలో ఇదొక్కటే. పెళ్ళైన కొత్తలో మొదటి ఈద్‌కి చీర తెస్తారని చూస్తుంటే, ఆయన కవరులో పెట్టి ఈ బాండు నా చేతికిచ్చారు. "చీరైతే చిరిగిపోతుంది" అన్నారు. వారం రోజులు మాట్లాడలేదు నేను. ఆ నంబరు తిట్టుకుంటూ తిట్టుకుంటూ నోటికి వచ్చేసింది.

"ఊఁ?" అన్నారు. "చివరిదేమిటి?"

"సున్నా రెండు ఆరు నాలుగు..." పేపరు కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాను. "ఏడు... మూడు సున్నా."

నా నోరు అంతే తిప్పగలిగింది.

ఆయన ఒక్కసారిగా కూర్చున్నచోటే కదిలారు. "మూడు సున్నానా? సున్నా మూడు కాదూ?"

"మూడు సున్నా."

"అబ్బ! నీ ఈద్ బాండే! గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయింది చూశావా!" అని తొడ మీద కొట్టుకుని నవ్వారు. "పోతే పోయిందిలే. అసలు పదిలంగా ఉందిగా."

ఇక ఆగలేకపోయాను. పేపరు మడిచి పక్కన పెట్టి, "లేదు" అన్నాను.

"ఏంటి లేదు?"

"అసలు లేదు. బాండ్లు లేవు. మీరు మాత్రలు సగం కోసుకున్న ఏడాది పోస్టాఫీసులో ఇచ్చేశాను. ఆ డబ్బు వడ్డీకి పెట్టాను. మీ మాత్రలు దాంతోనే వస్తున్నాయి."

ఆయన చెయ్యి మరమరాల గిన్నెలోనే ఉండిపోయింది.

"అన్నీనా?"

"అన్నీ."

"ఈద్‌ది కూడానా?"

"అది కూడా."

చూపు లేని కళ్ళు వాన వైపు తిప్పుకుని కూర్చున్నారు. తిడితే బావుండునని అనిపించింది. తర్వాత నెమ్మదిగా అన్నారు, "అయితే ఈ పదకొండేళ్ళూ నేను ఉతికిన లుంగీ కట్టుకుని ఎవరెవరివో నంబర్లు వెతికానన్నమాట."

"తప్పే చేశాను. చెప్పకపోవడం తప్పే."

"అది కాదు. ఒక్కటి నిజం చెప్పు, తుహినా వాళ్ళమ్మా. నాకు కళ్ళు లేవు, నువ్వు చదివిందే నాకు వేదం. నువ్వు చదివిన ఈ మూడేళ్ళలో మన నంబరు ఒక్కటైనా తగిలిందా?"

పేపరు నా చెయ్యి కిందే ఉంది.

"లేదు" అన్నాను. "ఒక్కటీ తగల్లేదు."

ఆయన ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలారు. నోటుబుక్కు తీసి నా వైపు చాపారు. "ఇదిగో, పొయ్యిలో పెట్టు. ఇక ఆ కళ్ళతో లిస్టులు చూసే పనేం ఉంది? మనవరాలి మొహం చూసుకుంటా. నువ్వే గెలిచావే. ఇన్నేళ్ళూ నువ్వు చెప్పిందే నిజం. నేనే మూర్ఖుణ్ణి."

ఈ మాట ఆయన నోట వినాలని కాపురం చేసినంత కాలం ఎదురుచూశాను. తీరా వింటుంటే పేపరు మడతని ఇంకాస్త గట్టిగా నొక్కిపట్టాను. ఆయన గాలిలో తడుముతూ నా చెయ్యి వెతుక్కున్నారు. ఇచ్చాను.

"ఇదేంటి, ఇంత చల్లగా ఉంది?" అన్నారు. "గెలిచినవాళ్ళ చెయ్యిలా లేదే!"

"వాన కదా" అన్నాను.