ఎనభయ్యో కుర్చీ

పెళ్ళి తొమ్మిది రోజులుందనగా, నేను రాసిన విందు పట్టికలోంచి ఇద్దరు వంటవాళ్ళు మాయమయ్యారు.

కొనుక్కొచ్చిన గుమ్మడికాయలు సరిపోతాయో లేదో చూద్దామని, వంటగది తలుపు వెనక మేకుకు తగిలించిన పట్టిక తీశాను. వంటకాలన్నీ ఉన్నాయి. గుమ్మడికాయ సూపు, కాల్చిన బంగాళాదుంపలు, పుట్టగొడుగుల కూర, ఆపిల్ ముక్కలతో తీపి. ఆకులు రాలే కాలంలో చవగ్గా దొరికేవే ఏరి కూర్చాను. నేను ఆస్పత్రి వంటశాలలో పనిచేస్తాను. రోగులకు ఏ పూట ఏం పెట్టాలో రాయడం నా పని. అక్కడ మాకో పద్ధతుంది. ప్రతి వంటకం పక్కనా అది వండే మనిషెవరో రాయాలి. మనిషి లేకపోతే అది వంటకం కాదు, ఉత్త కోరిక. మా ఆడపడుచు పెళ్ళికీ అలాగే రాశాను, పెన్సిలుతో. అన్నిటి పక్కనా, డబ్బిచ్చి మాట్లాడుకున్న వంట అక్కాచెల్లెళ్ళిద్దరి పేర్లే. ఇప్పుడా గడులు తెల్లగా ఉన్నాయి. కాగితం పైపొర లేచిపోయేలా ఎవరో రబ్బరుతో రుద్దారు. అడుగున, ఎవరి రాతో తెలియకుండా విడివిడి అక్షరాలతో, కొత్తగా ఒక మాట చేరింది. ఐస్‌క్రీమ్.

పెళ్ళి పనుల కోసం ఇంట్లో అందరం వాడే పాత ఫోను అల్మరాలో ఉంటుంది. తీసి చూశాను. అక్కాచెల్లెళ్ళకు నిన్న మెసేజ్ వెళ్ళింది. ‘వంటకు మీరు రానవసరం లేదు. మా ఇంట్లో మనిషి ఉంది.’

ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. తెలియనిదల్లా, ఆ మాట రాసిందెవరన్నదే.

మూడు నెలల క్రితం నేనొక షరతు పెట్టాను. “పట్టిక రాస్తాను, సరుకులు కొంటాను. గరిటె మాత్రం పట్టను. ఆ రోజు నేనూ కుర్చీలో కూర్చుని వేడివేడిగా తింటాను.” అందరూ నవ్వారు. “అబ్బో, అంత వైభోగమే!” అన్నాడు మా ఆయన. “కూర్చోవే తల్లీ, నిన్నెవరు నిలబెట్టారు?” అంది అత్తయ్య. నిజమే, ఎవరూ నిలబెట్టలేదు. పదకొండేళ్ళుగా ఈ ఇంటి ప్రతి విందులోనూ చివరికి సింకు పక్కన, గిన్నెలోనే చేయిపెట్టి, చల్లారినది తినడం నాకు నేనే నేర్చుకున్నాను. బాగుందని ఒక్కరూ చెప్పరు. ఉప్పెక్కువైతే మాత్రం ముందు గదిలోంచి కేకేసి మరీ చెబుతారు.

ఐస్‌క్రీమ్ అనగానే ఆడపడుచు మీదకే పోయింది మనసు. “ఐస్‌క్రీమ్ లేని పెళ్ళేమిటి వదినా, నా మొహంలా!” అని మొదటిరోజు నుంచీ గొణుగుతోంది. రబ్బరు తలచుకుంటే అత్తయ్య. పేపర్లో పదాల గడులు పెన్సిలుతో నింపుతుంది, రబ్బరు కళ్ళజోడు పెట్టెలోనే ఉంటుంది. బయటివాళ్ళ చేతివంట మనవాళ్ళకు పడదని పది సార్లైనా అని ఉంటుంది. మా ఆయన్ని అనుమానించనేలేదు. ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలియని మనిషి పట్టిక దాకా ఎందుకొస్తాడు?

అప్పుడు చూశాను చివరి వరస. కుర్చీలు, డెబ్బై తొమ్మిది. నేను రాసింది ఎనభై, నాతో కలిపి.

సూపు పల్చన చేస్తే ఖర్చు తగ్గుతుంది. ఒక్క కుర్చీ తీస్తే ఏం మిగులుతుంది? ఇది పొదుపు కాదు. వండే మనిషికి కుర్చీ దండగ అనుకున్నారెవరో.

ఆ మధ్యాహ్నమే నేను రెండు పనులు చేశాను. అక్కాచెల్లెళ్ళకు ఫోన్ చేసి తప్పకుండా రమ్మన్నాను. పెన్సిలు సొరుగులో పడేసి సిరాపెన్ను తీశాను.

సాయంత్రం టీ దగ్గర నలుగురం కూర్చున్నాం. బల్ల కింద డజను గుమ్మడికాయలున్నాయి. గుమ్మడికాయల దొంగెవరో గానీ భుజాలు తడుముకోవడం లేదు. ఆ తగ్గిన అంకె ఎవరి నోటి నుంచి వస్తుందోనని ముగ్గురి ముఖాలూ చూస్తూ అడిగాను.

“కుర్చీల అతనికి చెప్పాలి. ఎన్నని చెప్పను?”

“ఎనభై అనుకున్నాంగా,” అంది అత్తయ్య, గడుల్లోంచి తలెత్తకుండా.

“ఎనభయ్యే వదినా. నా స్నేహితులతో కలిపే,” అంది ఆడపడుచు, బిస్కెట్టు నములుతూ.

“డెబ్బై తొమ్మిది చాలు,” అన్నాడు మా ఆయన, ఫోన్ చూసుకుంటూ.

ఆడపడుచు బిస్కెట్టు పక్కన పెట్టింది.

“ఎవరు తగ్గారన్నయ్యా?”

“ఎవరో ఒకరు రారనుకో... అందరూ వస్తారేమిటి?”

అత్తయ్య కళ్ళజోడు పెట్టె తెరిచింది. “ఒరేయ్, మొన్న ఆఫీసు కాగితాలకని నా రబ్బరు పట్టుకెళ్ళావు. అరిగిపోయి వచ్చిందేం?”

నేను పట్టిక బల్ల మీద పరిచాను. ఖాళీ గడులన్నిటిలోనూ అక్కాచెల్లెళ్ళ పేర్లు సిరాతో రాశాను. ఐస్‌క్రీమ్ కొట్టెయ్యలేదు. దాని పక్క గడిలో, ‘తెచ్చి, వడ్డించి, గిన్నెలు కడిగేది: పెళ్ళికూతురి అన్నయ్య’ అని రాసి, పెన్ను ఆయన ముందు పెట్టాను.

“కుర్చీల అంకె మాత్రం మీరే దిద్దండి.”

ఆయన పెన్ను తీసుకున్నాడు. దిద్దలేదు. ఆ అంకె మీద పెన్ను ఆనించి చెప్పాడు.

“నేనే తుడిచాను. మెసేజ్ పెట్టిందీ నేనే. ఆఫీసువాళ్ళ ముందు ఐస్‌క్రీమ్ కూడా లేకపోతే చిన్నతనంగా ఉంటుందనిపించింది. వంటవాళ్ళకిచ్చే డబ్బు దానికి సరిపోతుందనుకున్నాను. వంటవాళ్ళని తీసేసేటప్పుడు భయమేసింది, నువ్వేమంటావోనని. కుర్చీ తీసేటప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు. ఆ హాలంతా ఒకసారి ఊహించుకున్నాను. అమ్మ కూర్చుంది, నేను కూర్చున్నాను, అందరూ కూర్చున్నారు. ఎంత వెతికినా, నువ్వు కూర్చుని మాత్రం నాకెక్కడా కనిపించలేదు.”