ఎంగిలి బెల్లం

ఆదివారం వచ్చిందంటే ఎంపీ జగపతిరావుకు చేతినిండ పని. శుక్రవారం సాయంత్రం ఢిల్లీల రైలెక్కి శనివారం రాత్రి కాజీపేటల దిగుతడు. తెల్లారి స్నానం చేసి, ఇస్త్రీ ధోతి కట్టి, గెస్టుహౌసు అరుగు మీద కుర్చీ ఏసుకొని కూసుంటడు. ఒక వారం జనగామల, ఒక వారం భూపాలపల్లి దిక్కు రేగొండల, ఒక వారం మహబూబాబాదుల. మహబూబాబాదు అని కాయితాల మీదనే, మనమంత మానుకోట అంటం. చిట్యాల సేటు టెలిఫోను కావాలంటడు. ఘనపూర్ రైతు కొడుక్కు మిలిట్రీల నౌకరి కావాలంటడు. ఇంకొకాయన అల్లుని స్కూటరు బుకింగు నంబరు జెర ముందటికి జరుపుమంటడు. అన్నీ ఇంటడు, "చూద్దాం" అంటడు. గుసగుసగనే అంటడు, ఎందుకంటే ఆయనకు గొంతు లేదు.

ఆ గొంతు అరవై తొమ్మిదిల పోయింది. జై తెలంగాణ అని వరంగల్ సడకుల మీద అరిసి అరిసి, ఒకనాడు పొద్దున లేచి చూసుకుంటే లేదు. డాక్టర్లు చూసిండ్రు, నాటువైద్యులు చూసిండ్రు, పోయింది పోయిందే అన్నరు. రెండేండ్లకు ఎలక్షన్లొస్తే జనం ఆయన్నే గెలిపించి ఢిల్లీకి తోలిండ్రు. గొంతు లేనోడు పార్లమెంటుల ఏం మాట్లాడుతడని ఎవ్వలూ అడగలే. గొంతుదేముంది, మనమే అరువిద్దామనుకున్నరు.

అరువు ఎట్లంటే, గొంతు ఇచ్చేటోళ్లు బెల్లం ముక్క సగం కొరికి తినాలె, మిగిలిన సగం ఎంపీ తినాలె. ఆ గడియకెల్లి ఆ గొంతు ఎంపీది. మల్ల వారానికి ఆయన సగం కొరికిస్తే, మిగిలింది వీళ్లు తింటే వాపసు. అయితే, వాపసొచ్చిన ముక్క ఎవ్వలు తింటే గొంతు వాళ్లదే అయితది. అందుకే ఎవ్వలి ముక్క వాళ్లు కొంగుల దాసుకొని తినేటోళ్లు. కోడిపిల్ల ఎత్కపోయినా పరేషానే కదా!

రేగొండ ముసలాయన గొంతు తీస్కపోయిన వారం ఎంపీ సభల దగ్గుకుంట మాట్లాడేది. ఆ యాస ఇని పక్కన కూసునే కోస్తా ఎంపీ ముసిముసి నవ్వేటోడు. నవ్వితే నవ్వనీ, టెలిఫోన్లు వచ్చినయ్, స్కూటర్లు వచ్చినయ్. ఒక్కటే తిరకాసు. భూములున్నోళ్ల గొంతు ఢిల్లీకి పోతే పని అయ్యేది. కూలోళ్ల గొంతు పోతే కాకపోయేది. ఎవని రాత వానిది అని కూలోళ్లు ఊకునేటోళ్లు.

పెంటమ్మ ఊకునే మనిషి కాదు. ఆమెది మానుకోటకు ఇవుతల బోడగుట్ట. నాట్లేసే ఆడోళ్లకు పాటెత్తేది ఆమెనే. ఆమె ఎత్తుకుంటే మూడు మళ్ల అవుతల ఎడ్లు చెవులు నిక్కబొడిసేయి. ఇగ తిట్టిందంటే, ఆ తిట్లు తిన్నోడు జాతరల కనబడ్డా పక్క సందుల దూరేటోడు. ఆమెకు బిడ్డ ఒక్కతే, కరుణ. అల్లుడు సాంసన్ ఇల్లరికం వచ్చిండు. పోయిన వానకాలం కరుణకు నొప్పులొస్తే బండి కట్టిండ్రు, వాగు పొంగి ఇవుతలి ఒడ్డునే ఆగింది. ఆ ఒడ్డు మీదనే పిల్లగాడు పుట్టిండు, ఆ ఒడ్డు మీదనే పోయిండు. ఊరి పక్కపొంటి మానుకోట పోయే ప్యాసింజరు కూతపెట్టుకుంట ఎళ్లిపాయె. ఇప్పుడు కరుణకు మల్ల నెలలు నిండుతున్నయ్.

"దొరా, మా గేటుకాడ ప్యాసింజరు ఒక్క నిమిషం ఆగాలె. గంతే," అన్నది పెంటమ్మ.

"సభల అడగాలె పెంటమ్మా. మంత్రి ఒప్పుకోవాలె."

"అడుగు మల్ల. గొంతు నేనిస్త."

బెల్లం కొరికి ఇచ్చింది. ఎంపీ పీఏ శ్రీశైలం దాన్ని పళ్లెంల పెట్టించుకొని లోపటికి తీస్కపోయిండు, ఎంపీ సుతం ఎనుకనే పోయిండు. జెరసేపటికి జగపతిరావు నములుకుంట బయటికొచ్చిండు. పెంటమ్మ గొంతు పోయింది. ఆ వారం బోడగుట్టల నాట్లు నత్తనడక నడిసినయ్.

వారం తిరిగినంక జనగామకు పోతే గొంతు వాపసొచ్చింది గని పని కాలే. "ఎంత మాట్లాడినా సభల నీ గొంతు లేవలేదు పెంటమ్మా, ఎవ్వలకూ ఇనబడలే," అన్నడు జగపతిరావు. ఆమె ఇంటికొచ్చి నోరు తెరిస్తే మాటకు ముందు బుడబుడమని నీళ్ల చప్పుడు.

"ఏందత్తా, వాగుల మునిగొచ్చినవా?" అని సాంసన్ నవ్విండు.

పెంటమ్మ నవ్వలే. మంచంల కూసొని మస్తు సోంచాయించింది. మల్ల మానుకోట వంతు వచ్చిన ఆదివారం అందరికంటే ముందు పోయి నిలబడ్డది.

"నా గొంతు కడిగినవా దొరా?"

అరుగు మీదోళ్లంత ఆమె దిక్కు తిరిగిండ్రు. శ్రీశైలం ఉరికొచ్చిండు. "ఏయ్, ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"నువ్వాగు అయ్యా. చెంబు పట్టింది నువ్వేనాయె. మా ముక్కలు లోపటికి తీస్కపోయి కడుగుడు, నీ దొర చుట్టాలవి, సేట్లవి ఈడనే నోట్లేసుకునుడు. అవునా కాదా?"

జగపతిరావు తల దించుకున్నడు. "మా ఇంట్ల మీ ఎంగిలి తినరు పెంటమ్మా. మా అమ్మ ఒట్టు పెట్టించుకున్నది," అన్నడు గుసగుసగ.

"మా ఓట్లు కడుక్కొనే తీస్కున్నవా మల్ల? గొంతెందుకు కడిగినవ్? కడిగిన గొంతు లేస్తదా? చిట్యాల సేటింట్ల టెలిఫోను మోగబట్టె. నా బిడ్డ ఉయ్యాల మాత్రం ఉత్తగనే ఏలాడబట్టె!" ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కొంగుముడి ఇప్పి, బెల్లం కొరికి, మిగిలిన సగం ఎంపీ ముందట పట్టింది.

శ్రీశైలం పళ్లెం ముందటికి జరిపిండు. జగపతిరావు పళ్లాన్ని పక్కకు నూకి, ఆమె చేతులకెల్లి ముక్క తీస్కొని అందరి ముందట నోట్లేసుకున్నడు. అరుగు మీదికెల్లి ఆయన మేనమామ, ఇద్దరు దాయాదులు లేచి, చెప్పులేసుకొని ఎళ్లిపోయిండ్రు. చాయ్ సుతం ముట్టలే.

బుధవారంనాడు వాన దంచికొట్టింది. చెరువు మత్తడి దుంకింది, వాగు పొంగింది. ఇంక ఇరవై దినాలున్నయనంగ కరుణకు నొప్పులు మొదలైనయ్. ఆమెను మంచం మీదనే మోసుకొచ్చి రైలుపట్టాల పక్కన దించిండ్రు. గేటు పేరుకే గేటు, గేటుమన్ లేడు. ముందు ఎక్స్‌ప్రెస్ బండి వచ్చింది. సాంసన్ ఎర్రతువ్వాల ఊపిండు. తొవ్వపొంటి పోరలు రోజూ ఊపుతనే ఉంటరు, డ్రైవరుకు ఏం తెలుస్తది? బండి ఎళ్లిపాయె. పెంటమ్మ రెండు చేతులు లేపి నోరంత తెరిసి అరిసింది. సప్పుడు లేదు. గొంతు ఢిల్లీల ఉన్నదాయె.

ఢిల్లీల రైల్వే మంత్రి దేనికో జవాబు చెప్తుండు. తిన్న అన్నం అరగక జగపతిరావు కునుకుతుండు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డడు.

"ఆపుండ్రి! బండాపుండ్రి! నా బిడ్డ సచ్చిపోతాంది!"

స్పీకరు కూసోమన్నడు. ఆయన కూసుందామనే చూసిండు. చేతితోని నోరు మూసుకున్నా ఏళ్ల సందులకెల్లి గొంతు ఎల్లుతనే ఉన్నది. అక్కడ పెంటమ్మ నోరు తెరిసినప్పుడల్ల ఇక్కడ మోగుతున్నది. కడగని గొంతు, మూడు మళ్ల అవుతలికి పోయే గొంతు. మంత్రి చేతుల కాయితాలు పక్కన పెట్టిండు. రోజూ నవ్వే కోస్తా ఎంపీ ఆనాడు నవ్వలే. లేచి నిలబడి ప్రతి మాటా ఇంగ్లీషుల మంత్రికి చెప్పిండు.

"ఏ బండి? ఏ ఊరు?" అని మంత్రి అడిగిండు.

"ప్యాసింజరు! బోడగుట్ట గేటు!" ఈసారి ఆ గొంతుతోని జగపతిరావే చెప్పిండు.

ఫోన్లు ఢిల్లీకెల్లి సికింద్రాబాదుకు, ఆడికెల్లి కాజీపేటకు, ఆడికెల్లి కేసముద్రం స్టేషన్ మాస్టరుకు పోయినయ్. ప్యాసింజరు ఎప్పటిలెక్కనే లేటు. ఏండ్ల సంది జనం తిట్లు తిన్న లేటు, ఆ ఒక్కనాడు దీవెనలు తిన్నది. బండి బోడగుట్ట గేటుకాడ ఆగింది. గార్డు దిగి మంచం కాలు పట్టిండు.

మానుకోట దవాఖానల పొద్దుగూకకముందే ఆడపిల్ల పుట్టింది. కండ్లు తెరిసింది, కాళ్లు ఆడిచ్చింది, పాలు తాగింది. ఏడువలే. నర్సమ్మ వీపు తట్టింది, అరికాళ్లు గిచ్చింది. నోరు తెరుస్తది, ముఖం ఎర్రగైతది, సప్పుడు రాదు. డాక్టరు చూసి, అన్నీ బాగనే ఉన్నయ్, గొంతొక్కటే లేదన్నడు. ఇంటి గొంతు ఊర్ల లేని వారం పుట్టింది, ఉత్త చేతులతోని వచ్చిందని ముసలోళ్లు చెప్పిండ్రు. కరుణ పిల్లను ఒళ్లె పెట్టుకొని మూడు దినాలు గోడ దిక్కు చూసింది.

ఆదివారం జనగామ వంతు. అక్కడి జనాన్ని కూసోబెట్టి జగపతిరావు ముందు మానుకోట దవాఖానకొచ్చిండు. బెల్లం సగం కొరికి, మిగిలింది పెంటమ్మ చేతుల పెట్టిండు.

"నీ గొంతు బండిని ఆపింది పెంటమ్మా. తీస్కో ఇగ," అన్నడు. ఆమె గొంతుతోనే అన్నడు.

పెంటమ్మ ఇంటనే ఉన్నది. తన గొంతు తనకు ఎన్నడూ గట్ల బయటికెల్లి ఇనబడలే. మంచిగున్నది అనుకున్నది. ఎన్ని పాటలెత్తింది, ఎంతమందిని తిట్టింది! తర్వాత మంచం మీది పిల్ల దిక్కు చూసింది. పిల్ల నోరు తెరిసే ఉన్నది, ముఖం ఎర్రగున్నది.

పెంటమ్మ ఏలు తడిచేసి బెల్లం మీద రాసింది.

"అయ్యో పెంటమ్మా, ఏం చేస్తున్నవ్! మల్ల రాదు, సోంచాయించు, నీ మాట, నీ పాట మల్ల..." జగపతిరావు గట్టిగ అరుస్తనే ఉన్నడు. ఏలు పిల్ల నాలిక మీద ఆనింది. ఆయన మాట నడుమలనే గుసగుసయింది. పిల్ల ఏడ్సింది.

దవాఖాన కిటికీల మీద పావురాలు లేసిపోయినయ్. బయట కుంట కింద నాటేస్తున్న ఆడోళ్లు నడుములు లేపి, "పెంటమ్మ వచ్చినట్టున్నదే!" అనుకున్నరు. కరుణ తల్లి కాళ్ల మీద పడి ఏడ్సింది. పెంటమ్మ నవ్వుకుంట ఏళ్లకంటిన బెల్లం చీరకు తుడుసుకున్నది.

ఆనాటికెల్లి ప్యాసింజరు బోడగుట్టల ఆగుతనే ఉన్నది. ఆపుమన్న ఆర్డరు వచ్చింది గని, ఇగ ఆపొద్దన్న ఆర్డరు ఎవ్వలూ ఇయ్యలే. జగపతిరావు ఎవ్వలి ముక్కా మల్ల కడగలే. చుట్టాలు ఆయన ఇంట్ల తినుడు మానేసిండ్రు, మల్లొచ్చిన ఎలక్షన్ల ఓట్లు సుతం మానేసిండ్రు. ఓడిపోయిండు.

పిల్లకు సువార్త అని పేరు పెట్టిండ్రు. పదేండ్లు దాటినంక బడి లేనినాడు నాట్లకు పోతది, పాటెత్తేది ఆమెనే. పక్క సాలుల పెంటమ్మ వంగి నారు పెడతది. మనుమరాలు చరణం ఎత్తకముందే ముసల్దాని పెదవులు కదులుతయ్, ఆ ఎనుకనే పాట లేస్తది.