రెండు పాయింట్ తొమ్మిది

కాదు, రెండూ ఒకటి కాదు. ఒకటి కాస్త ముదురు. అయితే ముదురుది ఎరుపా, ఆకుపచ్చా? ఊహను నమ్మి అతను ఎన్నిసార్లు బోల్తా పడలేదు కనుక!

బల్ల మీద చొక్కా గుండీలంత ఎల్‌ఈడీ మాడ్యూళ్లు రెండు వెలుగుతున్నాయి. వాటి పక్కన పెట్టిన చీటీలను ఫ్యాన్ గాలి ఎత్తుకుపోయింది. చీటీలు దొరికాయి కానీ ఏది దేనిదో ఇక అవి చెప్పలేవు.

అందులో ఒకటి మరదలి వెలుగు కత్తిలోకి పోవాలి. సాయంత్రం ఐదింటికి నాటకం. ఆకుపచ్చ కత్తి పట్టిన ఆమె నాయిక, ఎర్ర కత్తి పట్టినవాడు శత్రువు. నిన్న రిహార్సల్లో ఆమె కత్తిలోని ఎల్‌ఈడీ మాడిపోతే, కొత్తది వేస్తానని పిడి విప్పి కూర్చున్నాడు. గడియారం మూడు దాటింది.

"బావా, తప్పు రంగు వేశావనుకో, మొదటి అంకంలోనే నేను పార్టీ ఫిరాయించినట్టవుతుంది!" పక్క గదిలో దుస్తులు సర్దుకుంటూ అరిచింది మరదలు. నోరు మూతపడదు గనుక ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు.

"ఫిరాయిస్తే పీడా పోతుంది," అన్నాడు. అటునుంచి నవ్వు వినిపించింది. 

ఎరుపూ ఆకుపచ్చా అతని కంటికి వేరుగా ఆనవని ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు క్లాసులో ఆకులకు గోధుమరంగు వేసి అందరిచేతా నవ్వించుకున్న రోజు నుంచి అతను రంగు పేరు పలకడం మానేశాడు. తప్పనిసరైతే "పచ్చగా ఉంది" అనేవాడు. పచ్చ అంటే పసుపైనా కావచ్చు, ఆకైనా కావచ్చు. ఆ ఒక్క మాట వెనుక ముప్పై ఏళ్లు దాక్కున్నాడు. ఏ చొక్కా కావాలని భార్య అడిగితే "నీ ఇష్టం" అంటాడు. ఇంత మెత్తని మొగుడు ఎవరికి దొరుకుతాడని ఆవిడ చెల్లెలి దగ్గర మురిసిపోతుంది. రెసిస్టర్ల మీద విలువ చెప్పే రంగు గీతలు చదవకుండా ప్రతిదానికీ మీటరు పెడతాడని ఆ చెల్లెలు, అంటే పిచ్చుకే, అతనికి మీటరు బావ అని పేరు పెట్టింది.

మీటరు.

అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎర్ర ఎల్‌ఈడీ తక్కువ వోల్టేజీకే వెలుగుతుంది. అందుకే కదా దాని ముందు పెద్ద రెసిస్టర్ వేయాలి, ఆకుపచ్చకు చిన్నది చాలు. నాటకాలకు చేసిచ్చిన ఎన్ని కత్తులకు ఈ లెక్క కట్టలేదు! ఆ లెక్కే తిరగేస్తే రంగు చెబుతుందని ఒక్కనాడూ తోచలేదేం?

సన్నటి కరెంటు ఇచ్చి మొదటిదానికి మీటరు మొనలు ఆనించాడు. ఒకటి పాయింట్ తొమ్మిది. రెండోదానికి ఆనించాడు. రెండు పాయింట్ తొమ్మిది.

మళ్లీ కొలిచాడు. అవే అంకెలు. నిండా ఒక వోల్టు తేడా! కళ్ల ముందు దాదాపు ఒకే ఇసుక రంగులో కలిసిపోయినవి మీటరు మీద నిక్కచ్చిగా విడిపోయాయి. ఇన్నేళ్లూ రంగు అతనికి పరాయివాళ్లు చెప్పుకునే కబురు. ఇప్పుడది తన చేతి కింద ఉంది, దశాంశంతో సహా.

రెండు పాయింట్ తొమ్మిదిని అల్యూమినియం దిమ్మకు బిగించాడు. గుర్తుగా ముడి వేసుకున్న తీగ ప్లస్‌కు, ముడి లేనిది మైనస్‌కు. టంకం ఆరేలోగా తాను ఈల వేస్తున్నట్టు గమనించి ఆపాడు, మళ్లీ వేశాడు. లెన్స్ కూర్చుంది, పొడవాటి గొట్టం పిడికి బిగిసింది, లిథియం సెల్ లోపలికి జారింది. స్విచ్ నొక్కాడు. వెలుగు గోడల దాకా పాకింది.

పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. "అమ్మో, ఏం వెలుగు బావా! కళ్లు పోయేలా ఉన్నాయి! ఇటివ్వు, ఇటివ్వు!"

ఇచ్చేస్తే అయిపోతుంది. అంకె అబద్ధమాడదు. మీటరు బావ మీటరు బావగానే మిగిలిపోతాడు. కానీ ఇంత సంగతి కనిపెట్టి కడుపులో దాచుకోవడం ఎలా? ఇది చెప్పాలంటే, ముందు అది చెప్పాలి.

కత్తిని ఆమెకు అందకుండా వెనక్కి పట్టుకున్నాడు.

"పిచ్చుకా, ఇది ఏ రంగు?"

"తెలీనట్టు అడుగుతావేం!"

"తెలీకే అడుగుతున్నాను," అన్నాడు.