కాలిన చక్రం మీద నీళ్ళు

ఆ ఉదయం ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. తూర్పున కొండ అంచు మీద మాత్రం ఒక మబ్బుపీలిక, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు ఆగిపోయింది. వ్యాను అద్దం మీద పేరుకున్న మంచును పాత బనీను గుడ్డతో తుడుస్తూ డ్రైవరు దానివైపు ఒకసారి చూశాడు. వాన రాదు. రోడ్డు పొడిగా ఉంటుంది. ఆకాశంతో అతనికి ఉన్న పని అంతే.

రాత్రి అతను వెనక సీటులో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. బసలో డ్రైవర్లకు గది ఉందన్నారు గాని, అందులో అప్పటికే ఆరుగురు ఉన్నారు. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు తెల్లారేసరికి చలికి బిగుసుకుపోయాయి. బండి చుట్టూ రెండుసార్లు నడిచి వాటిని దారికి తెచ్చుకున్నాడు. తరవాత ఒక్కొక్క చక్రం దగ్గర వంగి, చేత్తో తట్టి, వాసన చూశాడు. ఇరవై రెండేళ్ళుగా రోజూ చేసే పని అది. కిటికీ వైపు చెయ్యి మోచేతి దాకా నల్లగా కమిలి ఉంటుంది, రెండోది తెల్లగా ఉంటుంది. చొక్కా విప్పితే ఇద్దరు మనుషుల చేతులు ఒకడికి అతికించినట్టు ఉంటాడని అతని భార్య నవ్వుతుంది.

తోటి డ్రైవర్లు అతన్ని నెమ్మది అని పిలుస్తారు. నెమ్మది బండెక్కి పెళ్ళికి బయల్దేరితే పురిటికి చేరతామని వాళ్ళ ఎగతాళి. అతను కాదనడు. అతని బండి ఇంతవరకు దేనికీ గీసుకోలేదు, ఎవర్నీ గీరలేదు. ఆ మాట తనంతట తాను ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోదగ్గ ఆస్తి మాత్రం అదొక్కటే.

ఏడు గంటలకు కుటుంబం దిగింది. ఇంటి యజమాని, ఆయన భార్య, ఎనిమిదేళ్ళ కూతురు, ఆయన తల్లి. వేసవి సెలవులకు ఆరు రోజుల్లో నాలుగు రక్షిత అడవులు, రెండు శిఖరాలు చూడాలని యజమాని లెక్క. ఎక్కడ ఎంతసేపు ఉండాలో నిమిషాలతో సహా అచ్చువేయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడకు తగిలించుకున్నాడు. ఇది మూడో రోజు. నిన్న శిఖరం మీద నలభై నిమిషాలు ఉండాల్సింది, ముప్ఫై ఐదు నిమిషాల్లో దిగొచ్చామని ఆయన సంతోషించాడు.

ఆ శిఖరాన్ని డ్రైవరు ఎప్పుడూ చూడలేదు. ఎన్ని వందలసార్లు వచ్చినా బండిని, సామాన్లను కాపలా కాస్తూ కిందే ఉండిపోవడం అతని వంతు. పైన ఎలా ఉంటుందని భార్య ప్రతిసారీ అడుగుతుంది. దిగొచ్చినవాళ్ళు సీట్లలో చెప్పుకున్నవే గుర్తుపెట్టుకుని ఆమెకు చెబుతాడు. ఒకసారి మేఘాలు కాళ్ళ కింద ఉన్నాయంటాడు, ఒకసారి ఏమీ కనిపించలేదంటాడు. ఆమె రెండూ నమ్ముతుంది.

ఈ కుటుంబంలో అతనితో మాట్లాడేది పెద్దావిడ ఒక్కతే. డ్రైవరు వెనక సీటే కావాలని పట్టుబట్టి కూర్చుంది. నీ ఊరేమిటి, పిల్లలెంతమంది, మోకాళ్ళకు ఏ నూనె రాస్తావు అని అడుగుతూనే ఉంటుంది. పిప్పరమెంటు బిళ్ళ మనవరాలికి ఒకటిస్తే అతనికీ ఒకటి ఇస్తుంది. కొడుకు మెడలోని కాగితం చూసి నవ్వుతూ ఆమె అంది:

"వీడికి పుట్టినప్పుడూ తొందరే నాయనా. ఎనిమిదో నెలకే వచ్చేశాడు. ఆ మిగిలిన నెల ఇప్పటికీ ఎక్కడో వెతుక్కుంటున్నాడు."

డ్రైవరు కూడా నవ్వాడు. యజమాని నవ్వలేదు.

పదకొండింటికి కనుమ దాటి దిగుడు మొదలైంది. అడవి గేటు నాలుగింటికి మూసేస్తారు. గేటు దాకా ముప్ఫై ఏడు మలుపులు. డ్రైవరు రెండో గేరు వేసి బ్రేకు మీద కాలు పెట్టకుండా దించుతున్నాడు. ఇంజను గట్టిగా మూలుగుతోంది. ఆ మూలుగు విన్నకొద్దీ యజమాని సీటులో కుదురుగా ఉండలేకపోయాడు. నడిచేవాళ్ళు మనల్ని దాటిపోతున్నారన్నాడు. ఇంజను పాడైపోతుందన్నాడు. తన స్నేహితుడు ఇదే కొండ గంటంబావులో దిగాడన్నాడు. చివరికి, నీకు రాకపోతే చెప్పు, నేను నడుపుతానన్నాడు.

ఆ ఆఖరి మాటకు డ్రైవరు లొంగాడు. మూడో గేరు వేశాడు. అది అతని తప్పే, దానికి అతను ఎవరినీ అనలేదు. బండి జోరందుకుంది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కక తప్పలేదు. పదహారో మలుపు దగ్గర అతని ముక్కుకు వాసన తగిలింది. కాలిన గుడ్డ వాసన. పద్దెనిమిదో మలుపు దగ్గర రోడ్డు వెడల్పుగా ఉంది. అక్కడ అద్దాల గోడలున్న ఒక భోజనశాల, బస్సు ఆగే రాయి ఉన్నాయి. దిగే బండ్లన్నీ చక్రాలు చల్లార్చుకునేది అక్కడే. అతను బండిని పక్కకు తీసి ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టాడు.

"అరగంట ఆగాలి సార్. తాకొద్దు. దానంతట అదే చల్లారాలి."

"అరగంటా! పావుగంటలో కానివ్వు."

"అది నా చేతిలో లేదు సార్. నీళ్ళు మాత్రం పొయ్యకండి. ఇనుము పగులుతుంది."

ఈ మాట అతను యజమానికి చెప్పాడు, ఆయన భార్యకు చెప్పాడు, కిటికీలోంచి తల బయటపెట్టిన పెద్దావిడకూ వినబడేట్టు చెప్పాడు. ఆమె తల ఊపింది. తరవాత అతను భోజనశాల వెనక మరుగుకు వెళ్ళాడు.

తిరిగొస్తుంటే మొదట వినబడింది చుయ్‌మన్న చప్పుడు. ఆ వెంటనే పెద్దావిడ గొంతు:

"ఒరేయ్, అతను వద్దన్నాడు కదరా!"

అప్పుడు టప్‌మని చిన్న శబ్దం, ఎండుపుల్ల విరిచినట్టు. డ్రైవరుకు ఆ శబ్దం చెవిలో కాదు, పళ్ళలో తగిలింది. పరుగెత్తాడు. ముందు చక్రం చుట్టూ ఆవిరి. యజమాని చేతిలో ఐసు పెట్టెలోంచి తీసిన సీసా, ఖాళీది. ఇంకోటి కాళ్ళ దగ్గర దొర్లుతోంది. డ్రైవరు నేలమీద బోర్లా పడుకుని చక్రం లోపలికి చూశాడు. బ్రేకు పళ్ళెం మీద అంచు నుంచి నడిమి దాకా సన్నటి చీలిక, వెంట్రుక అతికించినట్టు.

లేచి మట్టి దులుపుకుని, ఈ బండి ఇక కదలదన్నాడు. ఈ చక్రంతో మిగిలిన పంతొమ్మిది మలుపులు దిగితే కింద లోయలో తేలతామన్నాడు. యజమాని మొహం ముందు తెల్లబడింది, తరవాత ఎర్రబడింది. మెడలోని కాగితం చూసుకున్నాడు. ఆ కాగితంలో దీనికి నిమిషాలు లేవు.

ఫోనులో వ్యాను సొంతదారుకు మొదట చెప్పింది ఆయనే. పదడుగుల దూరంలో నిలబడి, గొంతు తగ్గించకుండా చెప్పాడు. మీ డ్రైవరు బ్రేకులు కాల్చాడు, కాల్చినవాడు ఊరుకోక వాటిమీద నీళ్ళు పోశాడు, మా పిల్లతో సహా మమ్మల్ని చంపబోయాడు, ఇలాంటి వాణ్ణి పెట్టుకుని వ్యాపారం ఎలా చేస్తున్నారు.

తప్పు చేసినవాడు తలవంచుకుంటాడని డ్రైవరు చిన్నప్పుడు బడిలో చదువుకున్నాడు. ఈయన తల ఎత్తుకునే ఉన్నాడు. చేతిలో సీసా కూడా పారెయ్యలేదు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే ఇదే. ఇరవై రెండేళ్ళు ప్రతి చక్రం వాసనా చూసినవాడు కాలిన ఇనుము మీద నీళ్ళు పోస్తాడా? కత్తిపీట ముందు కూర్చున్న మనిషి తన వేళ్ళే తరుక్కుంటుందా? ఫోను చెయ్యి మారి అతని దగ్గరికి వచ్చింది.

"నువ్వే పోశావా?" అన్నాడు సొంతదారు.

"నేను పొయ్యలేదు."

"ఆయన పోశావంటున్నాడు. ఎవరి మాట నమ్మమంటావు? చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

డ్రైవరు చుట్టూ చూశాడు. యజమాని భార్య తన కూతురి జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. ఆ పిల్ల తలెత్తబోతే వేళ్ళతో కిందికి నొక్కింది. కిటికీలో పెద్దావిడ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది.

"మామ్మగారు చూశారు. ఆవిణ్ణే అడగండి," అని ఫోను కిటికీలోంచి అందించాడు.

పెద్దావిడ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. కొడుకు ఆమెవైపు చూడలేదు, కొండవైపు చూస్తున్నాడు. కానీ ఆయన వీపు ఆమెవైపే చూస్తున్నట్టుంది. ఆమె చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది. అవతల సొంతదారు రెండుసార్లు అమ్మగారూ, అమ్మగారూ అన్నాడు.

"నేను నిద్రపోతున్నాను బాబూ," అంది ఆమె. "ఏమీ చూడలేదు."

ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె వేళ్ళు అతని వేళ్ళకు తగిలాయి. చల్లగా ఉన్నాయి.

సొంతదారు ఎక్కువ మాట్లాడలేదు. సాయంత్రానికి వేరే బండి, వేరే డ్రైవరు వస్తారన్నాడు. నువ్వు బస్సెక్కి వచ్చెయ్, రేపటినుంచి రానక్కర్లేదన్నాడు. ఆ మాటా నెమ్మదిగానే అన్నాడు. ఇరవై రెండేళ్ళు కట్టడానికి పట్టాయి, కూలడానికి బీడీ కాలేంత సేపు కూడా పట్టలేదు.

అబద్ధమాడినవాడి మీద డ్రైవరుకు కోపం లేకపోలేదు. కాని అది కాళ్ళలో ముల్లు గుచ్చుకున్నప్పుడు వచ్చేలాంటి కోపం. ముల్లు గుణం గుచ్చుకోవడమే. అతని ఒళ్ళు మండింది పెద్దావిడ మీద. రేపు తినాల్సింది కొడుకు ఇంట్లోనే అని ఆమె భయం. ఆ భయం అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారలేదు. తన ఇంట్లోనూ రేపు తినాలి. పిప్పరమెంటు బిళ్ళలు ఇచ్చేటప్పుడు చేతికి అడ్డురాని కొడుకు, నిజం చెప్పేటప్పుడు నోటికి అడ్డొచ్చాడా? మంచి మాటలన్నీ ఖర్చులేని చోటే వాడుకుంటారా ఈ మనుషులు?

బస్సు రెండింటికి. కుటుంబం భోజనానికి లోపలికి వెళ్ళింది. అతను బండిలోంచి తన చేతిసంచి తీసుకుని బస్సు రాయి దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి యజమాని తలుపు దాకా వచ్చి చెయ్యి ఊపాడు. మూడు రోజుల్లో మొదటిసారి.

"రా, మాతో కూర్చుని తిను. ఎంతైనా మనుషులమే కదా."

వద్దందామనే అనుకున్నాడు. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. తను వెళ్ళకపోతే వీళ్ళు హాయిగా తింటారు. వీళ్ళు తన మొహం చూస్తూ తినాలి. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని, పెద్దావిడకు ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కున్నాడు.

"మామ్మగారూ, నిద్ర బాగా పట్టిందా?" అన్నాడు.

ఆమె పళ్ళెంలోకి చూసింది. రొట్టె తుంచిన చప్పుడు, చెంచా తగిలిన చప్పుడు, యజమాని గుటక వేసిన చప్పుడు వినిపించాయి. ఆ పిల్ల ఒకసారి తండ్రిని, ఒకసారి డ్రైవరును చూసి, అన్నీ తెలిసినదానిలా తల దించుకుని తింది. పెద్దావిడ ఒకే ముక్కను నములుతూనే ఉంది. డ్రైవరు తొందరపడలేదు. ఒక్కొక్క ముద్ద నిదానంగా తిన్నాడు, కొండ దిగినట్టే, రెండో గేరులో.

బయట బస్సు హారను మోగింది. అతను లేచి, జేబులోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు అద్దాల గోడలోంచి ఆ బల్ల కనిపించింది. నలుగురూ తలలు వంచుకుని ఇంకా తింటూనే ఉన్నారు. వాళ్ళ మధ్య, ఉప్పుగిన్నె పక్కన, బొటనవేలి రాపిడికి అంకెలు అరిగిపోయిన ఇత్తడి బిళ్ళతో బండి తాళంచెవి.