ఆవు చావుకు అనుమతి

కమగ్వే పల్లెల్లో ఆవు రైతుదే. మేపేది అతను, పేడ ఎత్తేది అతను, దూడ అడ్డం తిరిగితే చెయ్యిపెట్టి లాగేదీ అతనే. కోసే హక్కు మాత్రం సర్కారుది. సొంత ఆవు మెడమీద కత్తి పెట్టినవాడికి జైలు. మనిషిని పొడిచినవాడు అంతకంటే ముందు బయటికొస్తాడని జనం నవ్వుకునేవారు.

సోమవారం పొద్దున ఎవ్సేబియో ఆవు కాలవగట్టు మీంచి జారి ముందుకాలు విరగ్గొట్టుకుంది. ఇంట్లో అతని భార్య నెరెయిదా కడుపు ఆపరేషనై మంచం పట్టి ఉంది. ఒంటికి రక్తం పట్టాలంటే గొడ్డుమాంసం తినిపించమన్నాడు డాక్టరు. నెలనెలా ఉచితంగా మాంసం వచ్చే రోగుల కార్డూ రాసిచ్చాడు. కార్డు వచ్చి మూడు నెలలైంది. మాంసం రాలేదు. ఇచ్చినట్టు కాగితంమీద రాసుకుని, పేదల ప్రభుత్వం తృప్తిగా త్రేన్చింది.

"కోసెయ్యవోయ్," అన్నాడు పక్కింటి ఫెర్మీన్. "తలా కాస్త పంచితే నోళ్లు వాటంతటవే మూతపడతాయి."

"నా ఆవుని నేనే దొంగతనంగా కోసుకోవాలా? ముప్పయ్యేళ్లు సర్కారుకి పాలు పోశాను. అడిగితే ఇవ్వకపోతారా?"

అంత నమ్మకం ఉన్నవాణ్ణి ఏమనాలి? పశువుల ఆఫీసుకు నడిచివెళ్లాడు. ఆవును మీరే కొయ్యండి, మాంసం మీరే పట్టుకుపొండి, మా ఆవిడ కార్డుకి రావలసింది మాత్రం ఇప్పించండి అని బతిమాలాడు.

మంగళవారం జీపుకు పెట్రోలు లేదన్నారు. బుధవారం పెట్రోలొచ్చింది. ఉత్పత్తి పెంచడం గురించి మీటింగు పెట్టుకుని, ఆ పెట్రోలు కాస్తా అక్కడికి వెళ్లడానికి తగలేశారు. ఆ సాయంత్రమే ఆవు పెరట్లో చచ్చింది.

గురువారం మధ్యాహ్నం అధికారి రిగోబెర్తో దిగాడు. ఎండకు ఆవు ఉబ్బిపోయింది. ముక్కుకు రుమాలు అడ్డంపెట్టుకుని, దూరం నుంచే చూసి, "యజమాని అజాగ్రత్త" అని రాశాడు.

"దానిమీద కిరసనాయిలు పోసెయ్, కామ్రేడ్. ఎవరైనా కోసుకు తింటే ప్రజారోగ్యం ఏం కావాలి?"

"వంటకిచ్చిన కిరసనాయిలే ఉందండీ. నెలంతా దాంతోనే గడవాలి."

"పొయ్యవయ్యా!"

ఎవ్సేబియో పోశాడు.

జీపెక్కబోతూ రిగోబెర్తో కడుపు తడుముకున్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదట. ఇంటికొచ్చినవాణ్ణి పస్తుతో పంపడం ఎవ్సేబియోకి చేతకాదు. పొయ్యిమీదున్న చిలగడదుంపలు పళ్లెంలో పెట్టాడు.

అధికారి పళ్లెంవంక చూసి మొహం చిట్లించాడు. "గొడ్లుకాచే కొంపలో ఒక్క మాంసం ముక్క లేదా?"

"ఉందండీ, పెరట్లో. తమరే దగ్గరుండి కిరసనాయిలు పోయించారుగా. వడ్డించమంటారా?"

రిగోబెర్తో పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. దుంపలన్నీ తిన్నాడు. అవి నెరెయిదా కోసం ఉడికించినవి.