నాలుగో లేన్ వాచీ

ముప్పై ఏళ్ళుగా ఈత పోటీల్లో స్టాప్‌వాచ్ పట్టుకుంటున్నాను. పిల్లల దగ్గర్నుంచి రిఫరీ దాకా అందరికీ నేను వాచీ మావయ్యనే. ఇప్పుడా పిలుపు వింటే ఒళ్ళు మండుతుంది.

సొంతవాళ్ళు ఈదే లేన్‌కి వాచీ పట్టకూడదని మా నియమం. మంచిదే, ఎవరు కాదన్నారు? ఆ రోజు మా మేనకోడలు ఐదో లేన్‌లో ఈదుతోంది కాబట్టి నన్ను నాలుగుకి మార్చారు. న్యాయం కోసమట! కళ్ళకి గంతలు మాత్రం కట్టలేదు. పైగా మనుషులు చాలక లేన్‌కి ఒక్క వాచీయే.

జాతీయ పోటీలకి ఒక్కరికే చోటు. చివరి పది మీటర్లలో నాలుగూ ఐదూ సరిసమానంగా వస్తున్నారు. నేను నాలుగో లేన్ గోడనే చూడాలి. చూశాను, ఒట్టు. ఆఖరి క్షణంలో పాడు కళ్ళు పక్కకి పోయాయి. మా పిల్ల చెయ్యి గోడకి తగిలింది. తల తిప్పేసరికి నాలుగో పిల్ల చెయ్యి అప్పటికే గోడ మీద ఉంది. అప్పుడు నొక్కాను.

ఎవరు ముందు తాకారో కంటితో చూసినవాళ్ళు తేల్చలేకపోయారు. వాచీల లెక్కే ఖాయం చేశారు. సెకనులో పదో వంతు తేడాతో మా పిల్ల గెలిచింది.

రిఫరీకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. కలం మూత తీసి, టైములు రాసిన కార్డు ముందుకి లాక్కున్నాడు.

"ఎంత ఆలస్యంగా నొక్కారో చెప్పండి మావయ్యా, దిద్దుతాను."

తెలిస్తే కదా చెప్పడానికి! పోనీ మళ్ళీ ఈదించమన్నాను. ఇద్దరు కోచ్‌లూ ఒప్పుకోవాలన్నాడు. మా పిల్ల కోచ్ దాని తల్లే, మా చెల్లెలు. విషయం వినగానే చెల్లెలి మొహం పాలిపోయింది.

"అన్నయ్యా, ఆరేళ్ళు కష్టపడింది అది. తప్పు నీ వేలిదైతే, మళ్ళీ ఈదాల్సింది నా కూతురా?"

అదీ న్యాయమే.

నాలుగో లేన్ పిల్ల తువ్వాలు కప్పుకుని బెంచీ మీద వణుకుతోంది. తప్పించుకుపోదామనిపించింది. అయినా వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. నాలుగు తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆ పిల్ల నా మెడలో వాచీ వైపు చూసింది.

"మరి నా అసలు టైమెంత, మావయ్యా?"

వాచీలో అంకె అలాగే ఉంది. అది ఆ పిల్లది కాదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, అడిగిన పిల్లకి టైము చెప్పలేకపోయాను.