ఎస్టెబాన్ చెయ్యి, కోటయ్య గొంతు

ఎస్టెబాన్ కుడిచెయ్యి నలిగిపోయాక కూడా అదే బోనులోంచి ఇంకా నలభై ఆవులు నడిచాయి. కోటయ్య కళ్ళారా చూశాడు. చూడటమే కాదు, ఆ నలభై ఆవుల్నీ గొంతెత్తి పిలిచి బోను దాకా తెచ్చింది కూడా అతనే. అన్నం వడ్డించుకుని, తినకుండానే కంచం పక్కకి నెడుతున్నాడు.

హ్యూస్టన్‌కి రెండు గంటల దూరంలో మూడువేల ఎకరాల రాంచ్, పశువులు పెంచే క్షేత్రం అది. అక్కడ పెరిగేవి మూపురమున్న బ్రాహ్మన్ పశువులు. వాటి తాతముత్తాతలు మన ఒంగోలు, నెల్లూరు సీమల నుంచీ, గుజరాత్ నుంచీ సముద్రాలు దాటిన జాతే. ఇక్కడ వాటిని మాంసానికి పెంచుతారు. యజమాని రామమోహన్ గుండె డాక్టరు. గుడిలో గోపూజ చేయిస్తాడు. శుక్రవారం ఆయన ట్రక్కులెక్కించిన పశువులు శనివారానికి కబేళాలో ఉంటాయి. ఈ రెండు సంగతులూ ఆయన మనసులో ఏనాడూ ఎదురుపడలేదు.

కోటయ్యది ఆయన ఊరే. నాలుగో తరగతిలో బడి మానేసి ఆయన ఇంటి గిత్తల దగ్గర పనికి కుదిరాడు. ఆరేళ్ళ కిందట ఆయనే ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఎందుకంటే ఈ జాతిని బండ్లతో, కుక్కలతో తరిమితే చెట్టుకొకటి పుట్టకొకటిగా చెదిరిపోతాయి. మచ్చికైన గొంతు పిలిస్తే మాత్రం వరసకట్టి వస్తాయి. కోటయ్య కంచె మీద నిలబడి "దా... దా హోయ్" అన్నాడంటే మైలు దూరంలో ఉన్న మంద తలెత్తుతుంది. అతని గ్రీన్‌కార్డ్ కాగితాలు రామమోహన్ ఆఫీసు సొరుగులో ఉన్నాయి. ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాయి.

బోను అంటే పశువుని నిలబెట్టి రెండువైపులా బిగించే ఇనప చట్రం. టీకాలు వెయ్యాలన్నా, చెవికి ట్యాగు కుట్టాలన్నా అందులోకి ఎక్కించాల్సిందే. వెనక తలుపుని పైన పట్టి ఉంచే చీల పది రోజుల కిందట విరిగింది. దాని బదులు తీగ చుట్టారు. ఎస్టెబాన్ మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పినప్పుడు కోటయ్య పక్కనే ఉన్నాడు. "నెక్స్ట్ వీక్" అన్నాడు ఫోర్‌మన్ డేల్.

గురువారం ఒక ఆవు వెనక్కి తన్నింది. తీగ తెగింది. తలుపు ఎస్టెబాన్ చేతి మీద పడింది.

డేల్ వాచీ చూసుకున్నాడు. "ఎండ ముదిరితే ఆవులు కదలవు. మిగిలినవి కానిచ్చి తీసుకుపోదాం," అన్నాడు. ఎస్టెబాన్‌ని పికప్ ట్రక్కు నీడలో కూర్చోబెట్టి, చేతికి చొక్కా చుట్టి, మిగిలినవాళ్ళ చేత గంటన్నర పని చేయించాడు. "కోటా! కాల్ దెమ్!" అని అరిచాడు. కోటయ్య పిలిచాడు.

సోమవారం పొద్దున తొమ్మిది మంది పనివాళ్ళు కంచె మీద ఎక్కి కూర్చున్నారు. మెక్సికో వాళ్ళు, గ్వాటెమాలా వాళ్ళు. అందరికంటే ముందు కూర్చున్నది లూపె. ఎస్టెబాన్ అక్క, దాణా ట్రక్కు నడిపే మనిషి. ఎస్టెబాన్‌కి ఆపరేషన్ చెయ్యాలని ఆస్పత్రి వాళ్ళు చెప్పారు. కంపెనీ అతనికి వచ్చే శనివారం విమానానికి టికెట్ కొన్నది. ఊరికి పంపిస్తే చెయ్యీ పోతుంది, నోరూ మూసుకుంటుంది.

"చీల వేయించండి. నా తమ్ముడి చెయ్యి ఇక్కడే బాగుచేయించండి. అప్పుడు దిగుతాం," అంది లూపె.

రామమోహన్ మచ్చలేని బూట్లతో పికప్ దిగాడు. ఆమె వంక చూడనైనా చూడకుండా కోటయ్యని పక్కకి పిలిచాడు.

"కోటయ్యా, వీళ్ళ గొడవలో నువ్వు పడకు. మనం మనం ఒకటి. ఇదిగో, ఇక్కడొక సైన్ పెట్టు. ఇన్సూరెన్స్ వాళ్ళకి, జస్ట్ ఫార్మాలిటీ."

"ఏం రాసుండాది బాబుగారూ?"

"అంటే? నా మీద నమ్మకం లేదా?"

ఆ ఒక్క మాట చాలు. కోటయ్య తాత ఆ మాటకే వేలిముద్ర వేశాడు, తండ్రి ఆ మాటకే వేశాడు. కోటయ్య బడికెళ్ళినవాడు గనక పికప్ బానెట్ మీద కాగితం పెట్టి, తెలుగులో, గుండ్రంగా, తన పేరు రాశాడు.

"గుడ్. ఇక పిలువు."

కోటయ్య కంచె మీదున్న తొమ్మిది మంది వంక చూశాడు. తరువాత నేల వంక చూశాడు. కళ్ళు మూసుకుని పిలిచాడు. మంద వచ్చింది. డేల్ ఇంకో ముగ్గురు బయటివాళ్ళని తెచ్చుకుని మధ్యాహ్నానికల్లా పని ముగించాడు. చీల లేని బోనులోనే.

లూపె కంచె దిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "మేం తొమ్మిది మందిమి పని ఆపితే ఏం లాభం కోటా? వాళ్ళకి నీ ఒక్క గొంతు చాలింది."

ఆమె ఇంగ్లీషు అతనికి సగమే అర్థమైంది. ఆ సగానికే తల వంగిపోయింది.

సాయంత్రం సంహిత అతని ట్రెయిలర్ తలుపు కొట్టింది. వరంగల్ పిల్ల. మాస్టర్స్ అయిపోయి, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ గడువు తరుముకొస్తుంటే, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం జీతం లేకుండా ఇక్కడ ట్యాగు నంబర్లు కంప్యూటర్‌కి ఎక్కిస్తోంది. ఆ కాగితం స్కాన్ చేసింది తనే.

"అంకుల్, గిది చదివే సైన్ చేసిండ్రా?"

"నాకు ఇంగ్లీషు చదవటం వస్తే ఈడెందుకుంటానమ్మా?"

ఆమె గుమ్మంలోనే నిలబడి తెలుగులో చదివింది. బోను బాగానే ఉందట. చీల ఉన్నదట. ఎస్టెబాన్ తాగి వచ్చి, చెప్పినమాట వినక, తలుపులో చెయ్యి పెట్టాడట. ఇదంతా కళ్ళారా చూసినవాడు కోటయ్యట.

"తాగాడా!" అన్నాడు కోటయ్య. "బీరు వాసనకే కక్కుకునే పిల్లోడమ్మా వాడు!"

"నాకు చెప్పి ఏం ఫాయిద అంకుల్? వాళ్ళకు చెప్పుర్రి. లూపె వాళ్ళింటి ముంగట మీటింగ్ అయితుంది."

లూపె ట్రెయిలర్ ముందు పెనం మీద రొట్టెలు కాలుతున్నాయి. సంహిత వెంట వచ్చిన కోటయ్యని చూడగానే మాటలు ఆగిపోయాయి. ఎవరో స్పానిష్‌లో తిట్టారు. అర్థం చెప్పాల్సిన అవసరం లేని తిట్టు.

"వీణ్ణెందుకు తెచ్చావ్?" అని సంహితని ఇంగ్లీషులో అడుగుతూ లేచాడు ఆక్తావియో అనే ముసలాయన. "యజమానిదీ వీడిదీ ఒకే దేశం, ఒకే భాష. తెల్లారేసరికల్లా మన మాటలన్నీ అక్కడుంటాయి."

సంహిత ఆ మాట తెలుగులో చెప్పింది. కోటయ్య నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"చెప్పమ్మా ఆయనకి. మా బాబుగారి హాల్లో గోడనిండా ఒక గిత్త ఫోటో ఉండాది. పందెంలో బంగారు పతకం కొట్టిన గిత్త. దాని పేరు అమెరికాలో ఆయన స్నేహితులందరికీ తెలుసు. దాన్ని సాకి, చివరికి దాని కొమ్ముకే పేగులు జారి చచ్చింది మా నాయన. మా నాయన పేరేందో బాబుగారిని అడగమను. చెప్పలేడు. మాదీ ఆయనదీ ఒక ఊరే గాని, ఒకటి మాత్రం కాదు."

ఆమె చెప్పింది. కోటయ్య చేత సంతకం పెట్టించుకున్న కాగితంలో ఏముందో కూడా చెప్పింది. పెనం మీద రొట్టె మాడింది. ఎవరూ తియ్యలేదు.

"మరి సంతకం ఎందుకు పెట్టావు?" అంది లూపె.

"అలవాటు," అన్నాడు కోటయ్య. "ఇప్పుడు ఇంకోటి పెడతా. కాగితం ఇవ్వండి."

దాణా సంచి చింపి ఇచ్చారు. కోటయ్య పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: చీల విరిగి పది రోజులు. మూడుసార్లు చెప్పారు. ఎస్టెబాన్ తాగలేదు. చెయ్యి నలిగాక గంటన్నర కూర్చోబెట్టారు. అప్పుడు ఆవుల్ని పిలిచింది నేనే. కింద పేరు రాశాడు. సంహిత దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, తర్జుమా చేసింది తనేనని రాసి తన పేరూ పెట్టింది.

"నీ వీసా, పిల్లా?" అంది లూపె.

"పోతె పోనీ అక్కా. ఫ్రీగా పని చేసుడు వీసా లేకున్నా చెయ్యొచ్చు," అని, అదే మాట ఇంగ్లీషులో చెప్తే అందరూ నవ్వారు. తొమ్మిది మందీ వరసగా సంతకాలు చేశారు. ఫోటో తీసి ఆస్పత్రికీ, కార్మికుల తరఫు లాయరుకీ పంపారు.

"శుక్రవారం కబేళా ట్రక్కులొస్తాయి. ఆ రోజు కోటయ్య పిలవడు," అన్నాడు ఆక్తావియో.

"పిలవకపోతే బండ్లతో తరుముతారు. సగమైనా దొడ్లో పడతాయి," అంది లూపె. ఆలోచించింది. "పిలవాలి. ట్రక్కుల వైపు కాదు, అవతలికి. కోటా, నిన్ను పట్టుకుపోతే? ఆ కేక మాకూ నేర్పు."

చీకటి పడేదాకా నేర్పాడు. ఆక్తావియో కేకకి పక్క ట్రెయిలర్ కుక్క ఏడుపందుకుంది. సంహితది ఫోన్ పోగొట్టుకున్న పిల్ల అరుపులా ఉంది. "గొంతులోంచి కాదు తల్లీ, పొట్టలోంచి రావాల," అని కోటయ్య తన పొట్ట మీద కొట్టుకుని చూపించాడు.

శుక్రవారం తెల్లవారుతూనే డేల్ నాలుగు బండ్లతో, కుక్కలతో మందని తరిమాడు. కొన్ని చెదిరిపోయాయి. అరవై దాకా దొడ్లో పడ్డాయి. మూడు ట్రక్కులు దొడ్డి వైపు వెనక్కి జరిగి ఆగాయి. ఎండెక్కితే పశువుని ఎక్కించడానికి ట్రక్కు వాళ్ళే ఒప్పుకోరు, దారిలో చస్తాయని. పది గంటల దాకానే గడువు.

తొమ్మిది మందీ ట్రక్కులకీ దొడ్డికీ మధ్య చేతులు పట్టుకుని నిలబడ్డారు. పక్కన సంహిత. అంతమందిని చూసి ట్రక్కు డ్రైవర్లు ఇంజన్లు ఆపి సిగరెట్లు ముట్టించారు.

"కోటయ్యా!" రామమోహన్ గొంతు మొదటిసారి పగిలింది. "నీ గ్రీన్‌కార్డ్ సంగతి మర్చిపోయావా?"

"లేదు బాబుగారూ. అది మీ సొరుగులోనే ఉండాది. ఎస్టెబాన్ చెయ్యి కూడా అందులోనే పెట్టి తాళమెయ్యాలని చూశారు గదా. తియ్యండి. ఆపరేషన్ అయిందాకా ఒక్క గొడ్డు కూడా ట్రక్కెక్కదు."

"నిన్ను తెచ్చింది నేనురా!"

"నన్ను గాదు. నా గొంతుని."

కోటయ్య దొడ్డి దాటి అవతలి కంచె ఎక్కాడు. ఆక్తావియో పచ్చికబయలు వైపు గేటు బార్లా తెరిచాడు. ఆరేళ్ళలో ఎన్నడూ పిలవనంత పెద్దగా పిలిచాడు కోటయ్య.

"దా... దా హోయ్!"

అరవై మూపురాలు ఒక్కసారిగా తిరిగాయి. ట్రక్కులకి వీపు పెట్టి, దుమ్ము లేపుకుంటూ బయలులోకి పోయాయి.

పోలీసులు వచ్చేసరికి తొమ్మిదిన్నర. దొడ్లోంచి మందని వదిలేసింది వీడేనని రామమోహన్ కోటయ్య వైపు వేలు చూపించాడు. కోటయ్య కంచె దిగి చేతులు ముందుకు చాపాడు. వెనక్కి తిప్పి బేడీలు వేశారు.

అతన్ని కారులో కుక్కాక డేల్ గేటు దగ్గర దాణా బస్తాలు కుమ్మరించాడు. దాణా వాసనకి మంద మెల్లగా ఇటు మళ్ళింది. రామమోహన్ వాచీ చూసుకున్నాడు.

అప్పుడు లూపె కంచె ఎక్కింది. "దా... దా హోయ్!" రెండో మాట ఆమె నాలుక మీద మెలికపడింది. సంహిత ఎక్కింది. ఆక్తావియో ఎక్కాడు. ఒకరి వెనక ఒకరు పదిమందీ ఎక్కి, పది రకాలుగా, అపశ్రుతిగా పిలిచారు. ముందు నడుస్తున్న ముసలి ఆవు ఆగింది. చెవులు రిక్కించింది. తల తిప్పి వాళ్ళ వైపు అడుగేసింది. మంద దాని వెనకే నడిచింది.

"వాళ్ళనీ అరెస్ట్ చెయ్యండి!" అని రామమోహన్ ఇంగ్లీషులో అరిచాడు.

"దేనికి?" అన్నాడు పోలీసు. "ఆవుల్ని పిలిచినందుకా?"

పది దాటింది. ఒక ట్రక్కు ఖాళీగా కదిలింది. తరువాత రెండోది. మూడోది.

కారు రోడ్డెక్కింది. కోటయ్య వెనక సీట్లో కళ్ళు మూసుకుని వింటున్నాడు. కేక ఇంకా గొంతులోంచే వస్తోంది, పొట్టలోంచి రావటం లేదు. ఫరవాలేదు. ట్రక్కులు మళ్ళీ వచ్చేది సోమవారం. అప్పటికి కుదురుతుంది.